కాగితంతో అంతరిక్ష నౌక మోడల్ ఎలా చేయాలి?

కాగితపు నౌక దూరం నుంచే కాగితమని తెలిసిపోతోందంటే సాధారణంగా రెండు కారణాలు: వంకరపోయిన బాడీ, కత్తిరించిన చోట బయటపడే తెల్లటి అంచు. పైన ఎన్ని పైపులు, యాంటెనాలు అతికించినా ఇవి దాగవు.

బాడీకి 160 నుంచి 200 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) కార్డు, సన్నటి భాగాలకు మామూలు 80 జీఎస్ఎమ్ కాగితం తీసుకోండి. టెంప్లేట్‌ను, అంటే కత్తిరించాల్సిన భాగాలు గీసి ఉన్న షీటును, 100% సైజులోనే ప్రింట్ తీయాలి. ఇంక్‌జెట్ ప్రింట్ అయితే బాగా ఆరాక పలచగా మ్యాట్ వార్నిష్ స్ప్రే చేయండి, లేకపోతే జిగురు తడికి రంగు అలుక్కుపోతుంది.

టెంప్లేట్ లేకుండా సొంతంగా గీసుకోవడమూ కష్టం కాదు. 4 సెం.మీ. వ్యాసం ఉన్న గొట్టానికి 12.6 సెం.మీ. వెడల్పు పట్టీ కావాలి. ముక్కు శంకువుకి అడుగు వ్యాసార్థాన్ని ఏటవాలు పొడవుతో భాగించి 360తో గుణించండి. అవి 2 సెం.మీ., 6 సెం.మీ. అయితే, 6 సెం.మీ. వ్యాసార్థంతో గీసిన వృత్తంలో 120 డిగ్రీల ముక్క వస్తుంది.

కత్తిరించే ముందే, ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో స్కేలు పెట్టి మడత గీతలన్నీ నొక్కండి. కార్డును రెండు వైపులా కొద్దిగా వంచి చూస్తే ఒకవైపు తేలిగ్గా వంగుతుంది. గొట్టం అటే చుట్టాలి, ఎదురు చుడితే ముడతలు పడతాయి. కత్తిరించాక ప్రతి అంచుకీ వాటర్‌కలర్ పెన్సిల్‌తో బూడిద రంగు పూయండి. విసుగు పుట్టించే పనే, కానీ మోడల్ రూపం మారేది ఇక్కడే. మార్కర్ మాత్రం వద్దు, రంగు లోపలికి పాకుతుంది.

బాడీ వంకరపోకుండా లోపల 1 మి.మీ. అట్టతో కోసిన బిళ్లలు నిలబెట్టండి. బిళ్ల బిగుతుగా ఉంటే అంచును కాస్త గరుకు కాగితంతో రుద్దాలి, బలవంతంగా తోస్తే బయటికి ఉబ్బు కనిపిస్తుంది. అతుకు దగ్గర ఒక అంచు మీద ఇంకో అంచు ఎక్కించకుండా, పక్కపక్కన చేర్చి లోపలి నుంచి పట్టీ వేయండి. తెల్ల జిగురును టూత్‌పిక్‌తో పలచగా రాస్తే చాలు. స్టాండు తీగ కూడా బాడీ మూసేలోపే బిగించేయాలి.

ఇక అలంకరణ. 80 జీఎస్ఎమ్ కాగితంతో చిన్న పలకలు కోయండి, సూది మీద చుట్టి పైపులు చేయండి. వీటిని ఇంజిన్ల దగ్గర, తలుపుల చుట్టూ గుంపుగా అతికించి మిగతా చోటు ఖాళీగా వదలండి. కిటికీ 1 మి.మీ. ఉంటే నౌక మహా పెద్దదిగా, 5 మి.మీ. ఉంటే ఇద్దరు పట్టే బండిలా అనిపిస్తుంది.

చివర్లో పెన్సిల్ ముల్లు పొడిని బ్రష్‌తో అద్దితే పాతబడ్డ లుక్ వస్తుంది. చాలామంది విమానాలకు వేసినట్టు ముక్కు నుంచి తోక దాకా మసి చారలు లాగుతారు. అంతరిక్షంలో గాలే లేదు కదా! మీ నౌక గ్రహాల మీద దిగేది కాకపోతే మసిని ఇంజిన్ మూతుల దగ్గరే ఆపేయండి.