పాత్రకి పాత్ర: సీరియల్ నటులకి మన వీధిలోనే అవార్డులు ఇచ్చుకోవడం ఎలా

2022లో జిల్లాలు విడదీసినప్పుడు మా కందుకూరిని ప్రకాశంలోంచి తీసి నెల్లూరులో కలిపారు, అప్పుడు కూడా మా వీధిలో ఇంత గొడవ జరగలేదు. ఒక ఛానెల్ వాళ్ల అవార్డుల ఫంక్షన్ భోజనాలు కూడా వాయిదా వేసుకుని చూశాం. మా అమ్మకి ఇష్టమైన తాతయ్య పాత్ర వేసే ఆయన్ని కనీసం స్టేజీ మీదికి కూడా పిలవలేదు, అమ్మ రిమోట్ సోఫాలో పడేసి "వీళ్లకి చూడటం కూడా రాదు" అని లేచి వెళ్లిపోయింది. ఎదురింటి అత్తయ్యకేమో తన విలన్‌కి రాలేదని కోపం. మర్నాడు పొద్దున ముగ్గులేసే దగ్గర కూడా అదే పంచాయితీ. మా పెదనాన్న ఒకప్పుడు ఒంగోలు, అద్దంకి వైపు నాటక పోటీలకి న్యాయనిర్ణేతగా వెళ్లిన మనిషి, ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే "తిట్టుకోవడం ఎందుకే, మీరే ఇచ్చుకోండి" అన్నాడు.

ఇచ్చాం. ఇప్పటికి రెండుసార్లు. మొదటిసారి ఎంత దరిద్రంగా చేశామంటే ఛానెల్ వాళ్లే నయమనిపించింది. రెండోసారి కుదిరింది. మీ వీధిలోనో అపార్ట్‌మెంట్‌లోనో పెట్టుకోవాలనుకుంటే ఇది చదవండి.

అన్నిటికంటే ముందు, మీ అభిమాన నటుడికి ఎందుకు రాలేదో కాస్త తెలుసుకోండి, కోపం సగం తగ్గుతుంది. స్టార్ మా పరివార్ అవార్డులు, జీ తెలుగు కుటుంబం అవార్డులు అని పేర్లు పెట్టుకున్నారు కదా, ఆ పేర్లలోనే ఉంది అంతా. పరివారమన్నా కుటుంబమన్నా ఒకటే, అది వాళ్లింటి ఫంక్షన్. పక్క ఛానెల్ నటుడితో పోటీ ఉండదు, ఉన్న సీరియళ్లలో అందరినీ సంతోషపెట్టాలి, జనం ఫోన్లలో ఓట్లు వేసే విభాగం ఉంటే అక్కడ గెలిచేది ఎక్కువ కనిపించే ముఖమే. ఏది ఎంతమంది చూశారో లెక్కగట్టి ప్రతి గురువారం ఇచ్చే బార్క్ రేటింగుల్లో ఏ సీరియల్ పైనుందన్నది కూడా వాళ్లకి ముఖ్యమే, వ్యాపారం కదా, తప్పు పట్టను. ఒకప్పుడు ప్రభుత్వం టీవీకి కూడా విడిగా నందులిచ్చేది, ఛానెల్‌తో పని లేకుండా జ్యూరీ కూర్చుని చూసేది. అవి ఆగిపోయి ఏళ్లయింది.

పోనీ జ్యూరీలు, నిబంధనలు పక్కాగా ఉన్నచోటైనా న్యాయం జరుగుతుందా అంటే అదీ లేదు. అమెరికాలో టీవీకి ఎమ్మీ అవార్డులే పెద్దవి. అక్కడ ఏంజెలా లాన్స్‌బరీ అనే ఆవిడ మర్డర్ షీ రోట్ అనే సీరియల్ పన్నెండు సీజన్లు చేసింది, పన్నెండుసార్లూ నామినేషన్ వచ్చింది, ఒక్కసారి కూడా అవార్డు రాలేదు. మిగతావి కూడా కలుపుకుంటే మొత్తం 18 నామినేషన్లు, ఎమ్మీ మాత్రం సున్నా. పగటి సీరియళ్ల ఎమ్మీల్లో సూసన్ లూచీ పద్దెనిమిదిసార్లు ఉత్త చేతులతో ఇంటికెళ్లి, పందొమ్మిదోసారి 1999లో గెలిచింది. ది ఆఫీస్ అనే సీరియల్‌లో మేనేజర్‌గా చేసిన స్టీవ్ కరెల్‌కి ఆ పాత్ర మీద ఆరు నామినేషన్లు వచ్చాయి, ఎమ్మీ ఒక్కటీ రాలేదు. ఇదంతా అమ్మకి చెప్తే "అక్కడ కూడా ఇంతేనా" అని కాస్త చల్లబడింది. కానీ ఎమ్మీ పద్ధతిలో మనం కొట్టేయదగ్గది ఒకటుంది, నామినేట్ అయిన నటులు ఆ ఏడాది చేసిన వాటిలోంచి ఒక్క ఎపిసోడ్ ఎంచి పంపుతారు. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

మొదటిసారి మేము చేసిన తప్పు ఇది: సంక్రాంతికి అందరూ ఊళ్లో ఉన్నారు కదా అని మిద్దె మీద కూర్చోబెట్టి "ఎవరికిద్దాం, చేతులెత్తండి" అన్నాం. ఇంకేముంది, హీరోయిన్ గెలిచింది. ఛానెల్ వాళ్లిచ్చిన ఆవిడకే మళ్లీ మేమూ ఇచ్చాం! పెదనాన్న నవ్వీ నవ్వీ దగ్గాడు. కాబట్టి మొదటి నియమం, ఆ ఏడాది ఎక్కడైనా అవార్డు తీసుకున్నవాళ్లు మీ లిస్టులో ఉండకూడదు. రెండో నియమం మా ఇంట్లో పెద్ద యుద్ధమయ్యాక పెట్టింది, హీరో హీరోయిన్లు కూడా వద్దు. వాళ్లకి ఏదో ఒక రోజు ఎవరో ఒకరు ఇస్తారు. మనం వెతికేది సోఫాలో కూర్చున్న తండ్రిని, కాఫీ కప్పు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డ వదినని, "అయ్యగారూ" అంటూ పరిగెత్తుకొచ్చే పనివాణ్ణి.

విభాగాలు నాటక పరిషత్తుల నుంచే తెచ్చుకోండి, కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ఉత్తమ ప్రతినాయకుడు, ఉత్తమ గుణచిత్ర నటి, నటుడు, హాస్యం, బాలనటులు. ఐదు చాలు, ఎక్కువ పెడితే అందరికీ వచ్చేస్తాయి, ఫంక్షన్ మళ్లీ ఛానెల్ వాళ్లదే అవుతుంది. దానికి తోడు ఒక్కటి మాత్రం తప్పకుండా పెట్టండి, గొంతు బహుమతి. మన సీరియళ్లలో కన్నడ నుంచో మలయాళం నుంచో వచ్చిన నటులు బోలెడుమంది, వాళ్లలో చాలామందికి తెలుగు గొంతు వేరేవాళ్లది. మనం ఏడ్చేది సగం ఆ గొంతుకే. కార్తీకదీపం మలయాళం సీరియల్ కరుతముత్తుకి రీమేక్, అక్కడ మొదట చేసిందీ ఇక్కడ చేసిందీ ప్రధాన పాత్ర ప్రేమి విశ్వనాథే. ఆవిడ మలయాళీ అమ్మాయి, ఇక్కడ ఊరూరా వంటలక్క అయిపోయింది. ముఖాలు ఇలా భాషలు దాటి వస్తుంటే, వాటికి తెలుగు పెట్టేవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు చెప్పండి.

ఇప్పుడు అసలు పని, చూడటం. వారానికి ఆరు ఎపిసోడ్లు వేసుకున్నా ఒక సీరియల్ ఏడాదికి మూడు వందలు దాటుతుంది, అన్నీ చూసి తీర్పు చెప్పడం మనుషుల వల్ల కాదు. అందుకే ఎమ్మీ వాళ్ల పద్ధతి. ఎవరు ఏ నటుణ్ణి పోటీకి పెడితే వాళ్లే ఆ నటుడి సీన్ ఒక్కటి, ఐదు నిమిషాలు మించకుండా, జియోహాట్‌స్టార్‌లోనో జీ5లోనో వెతికి తేవాలి. "ఆయన బాగా చేస్తాడు, అందరికీ తెలుసు" అంటే కుదరదు. ఏ సీనో చూపించు. ఈ ఒక్క నియమంతో మా లిస్టులో సగం పేర్లు వాటంతట అవే రాలిపోయాయి, ఎందుకంటే బాగా చేస్తాడనే అభిప్రాయమే తప్ప ఎవరికీ ఏ సీనూ గుర్తులేదు.

ఆ సీన్ మూడుసార్లు చూడాలి. ఒకసారి మామూలుగా. రెండోసారి మ్యూట్ పెట్టి. నమ్మండి, మ్యూట్ పెట్టగానే సీరియల్ ఇంకో సీరియల్ అయిపోతుంది, ఆ ఉరుములూ ఢమఢమలూ పోయాక ఎవరి ముఖంలో విషయముందో ఎవరు ఊరికే కళ్లు పెద్దవి చేస్తున్నారో తేలిపోతుంది. ఒక మాటకి అందరి ముఖాలూ మూడేసి సార్లు చూపిస్తారు కదా, అప్పుడు మాట్లాడేవాళ్లని కాదు, వింటున్నవాళ్లని చూడండి. వినడం నటించడమే కష్టం. మూడోసారి టీవీకి వీపు తిప్పి, ఉత్త చెవులతో. ఈ పరీక్షలో మా అమ్మని మించినవాళ్లు లేరు, ఇరవై ఏళ్లుగా ఆవిడ సీరియళ్లు వంటింట్లోంచి పోపు పెడుతూ వింటోంది తప్ప పూర్తిగా చూసింది తక్కువ.

మార్కులకి పెదనాన్న చెప్పిన కొలత నాలుగు ముక్కలు, ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. ఒళ్లు, మాట, వేషం, ఇక చివరిది లోపల్నుంచి వచ్చేది. మొదట మాకు ఇది పెద్ద పుస్తకాల వ్యవహారంలా అనిపించింది కానీ వాడి చూస్తే భలే పనికొచ్చింది. ఆహార్యానికి మేము మార్కులు తగ్గించాం, పట్టుచీరతో నిద్రపోయే వాళ్లకి ఆ చీర వాళ్లు ఎంచుకున్నది కాదు కదా. సాత్త్వికానికి ఎక్కువ వేశాం, ఒక షరతుతో: కన్నీళ్లకి మార్కుల్లేవు. గ్లిజరిన్ ఎవరైనా పెట్టుకోవచ్చు. ఏడుపు ఆపుకోవడానికి మార్కులు.

నటన వేరు, పాత్ర వేరు అని ఇంట్లో కొందరికి ఎంత చెప్పినా ఎక్కదు. మంచి పాత్ర అయితే చాలు, మంచి నటుడనేస్తారు. వాళ్ల కోసం పోటీకి ముందు అమృతం రెండు మూడు ఎపిసోడ్లు వేసి చూపించండి. అందులో అమృతరావు పాత్ర శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ చేశారు, ఆంజనేయులుగా మాత్రం మొదట్నుంచీ గుండు హనుమంతరావు గారే. పాత్ర అదే, మనిషి మారితే నవ్వు ఎక్కడ మారిందో, పక్కనున్న ఆంజనేయులు దాన్నెలా సర్దుకున్నాడో చూస్తే చెప్పకుండానే అర్థమైపోతుంది. ముఖం కదపకుండా నవ్వించడం అంటే ఏంటో కూడా చూపించాలంటే, బల్లికురవ మండలంలో పుట్టిన ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారిని గుర్తుచేయండి. దూరదర్శన్‌లో ఆయన ఆనందో బ్రహ్మ వచ్చినప్పుడు వీధిలో సగం మంది మా ఇంట్లోనే ఉండేవాళ్లని అమ్మ ఇప్పటికీ చెప్తుంది.

ఓటింగ్‌కి చీటీలు వద్దు, చింతగింజలు వాడండి. రాయడం రాని పెద్దవాళ్లకి సులువు, పైగా ఎవరి అక్షరం ఎవరిదో తెలిసే గొడవ ఉండదు. ఒక్కో విభాగానికి మనిషికి మూడు గింజలు, గ్లాసుల మీద పేర్లు అంటించి లోపలి గదిలో పెట్టండి, ఒక్కొక్కరే వెళ్లి వేసి రావాలి. మూడూ ఒకే గ్లాసులో వేయకూడదు, కనీసం ఇద్దరికి పంచాలి. ఇలా ఎందుకంటే, ఫ్యాన్స్ ఎలాగూ తమ వాళ్లకి రెండు వేస్తారు, ఆ మూడో గింజ ఎక్కడ పడిందన్న దాని మీదే ఫలితం తేలుతుంది. మా తాతయ్య పాత్రధారి గెలిచింది ఆ మూడో గింజలతోనే. ఏ సీరియలో చెప్పను, చెబితే మళ్లీ మొదటికొస్తుంది. పిల్లల్ని గ్లాసుల దగ్గర కాపలా పెట్టకండి, మావాళ్లు గింజలతో ఓనగుంటలు ఆడేశారు, హాస్యం విభాగానికి రెండుసార్లు ఓటింగ్ పెట్టాల్సొచ్చింది.

రోజు విషయంలో ఆలోచించక్కర్లేదు, ఆదివారం మధ్యాహ్నం, క్రికెట్ లేకుండా చూసుకోండి.

గెలిచినవాళ్ల అసలు పేరు కనుక్కోవడం మాత్రం అనుకున్నంత తేలిక కాదు. టైటిల్స్‌లో హీరో హీరోయిన్ల పేర్లు కనిపిస్తాయి, తాతయ్యల పేర్లు రెప్పపాటులో పోతాయి, ఒక్కోసారి అసలు వేయరు. మాకు పది రోజులు పట్టింది. పాత ఎపిసోడ్ ఆపి ఆపి చూసి, ఇన్‌స్టాలో ఆ సీరియల్‌లోనే చేసే ఇంకో నటి పెట్టిన గ్రూప్ ఫోటో కింద దొరికింది. పేరు దొరక్కుండా బహుమతి ప్రకటించకండి, "ఫలానా సీరియల్ తాతయ్య" అని ఇస్తే మనమూ ఆయన్ని వదిలేసినట్టే.

బహుమతి సంగతి. షీల్డులూ మెమెంటోలూ వద్దు, స్టీలు గిన్నె కొనండి, పాత్రకి పాత్ర. పాత్రల షాపులోనే పేరు కొట్టిస్తారు, పెళ్లిళ్లకి కొట్టించినట్టే, నటుడి పేరు, కింద ఏడాది. గిన్నెని చేత్తో పట్టుకుని వీధిలో అందరూ కలిసి ముప్పై సెకన్ల వీడియో తీసి, ఆ సీన్ ఎందుకు నచ్చిందో ఒక్క మాట చెప్పి, ఆయన్ని ట్యాగ్ చేసి పెట్టండి. అడ్రసు అడగొద్దు, ఫోన్ నంబరు కోసం వెతకొద్దు, చూస్తే చూస్తారు. మేము పెట్టిన దానికి నాలుగు రోజుల తర్వాత రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి వచ్చింది. అమ్మ దాన్ని స్క్రీన్‌షాట్ తీయించి దాచుకుంది.

గిన్నె ఎవరింట్లో ఉండాలో మాత్రం ముందే తేల్చుకోండి. మేము తేల్చుకోలేదు. కొన్నాళ్లు మా ఇంట్లో పెరుగు తోడు పెట్టాం, మొన్న అమ్మ అందులో చేపల పులుసు పోసి ఎదురింటి అత్తయ్యకి పంపింది. ఆవిడ విలన్‌కి ఈసారి కూడా రాలేదు కదా, గిన్నె ఇంకా తిరిగి రాలేదు.