కుర్చీ ప్రోటోటైప్ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

ఈ నమూనా దేనికోసమో ముందే తేల్చుకోండి: రూపం చూడటానికా, సౌకర్యం తెలుసుకోవడానికా, బలం పరీక్షించడానికా? మూడూ ఒక్కదానితోనే అయిపోవాలనుకుంటే ఏదీ సరిగ్గా తేలదు.

• రూపం వరకైతే 1:5 మోడల్ (అసలు సైజులో ఐదో వంతు) చాలు. కూర్చుని చూడాలంటే మాత్రం అసలు సైజులోనే చేయాలి, చవక ప్లైవుడ్‌తోనైనా సరే.

• 18 మి.మీ. ప్లైవుడ్ అని అమ్మేది చాలాసార్లు అంతకంటే కాస్త పలచగా ఉంటుంది. గాడి కోసే ముందు కాలిపర్‌తో (మందాన్ని కచ్చితంగా కొలిచే పరికరం) కొలవండి. లేదంటే జాయింట్ లూజవుతుంది.

• డైనింగ్ కుర్చీ సీటు ఎత్తు సుమారు 45 సెం.మీ. ఉంటుంది. పొట్టివాళ్లనూ పొడుగువాళ్లనూ కనీసం అరగంట కూర్చోబెట్టండి. అడిగితే చాలామంది మొహమాటానికి బాగుందనే అంటారు. అందుకే వాళ్ల మాట కన్నా కదలికలు గమనించండి: ముందుకు జరుగుతున్నారా, మోకాలి వెనక సీటు అంచు నొక్కుతోందా, పాదాలు నేలకు పూర్తిగా ఆనుతున్నాయా? నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే.

• బలం పరీక్షకు అసలు వాడబోయే చెక్క, అవే జాయింట్లు ఉండాలి. మనిషి వెనక్కి వాలితే సీటు, వెనక కాలు కలిసే చోట ఒత్తిడి బాగా పడుతుంది. ముందు ఇసుక బస్తాలతో చూడండి, తర్వాతే మనిషి.

• కోసేటప్పుడు మాస్క్, రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి.

• ప్రతి నమూనా మీద తేదీ, వెర్షన్ నంబర్ రాయండి. పాతది అప్పుడే పారేయొద్దు.