స్క్రీన్ పాస్ బెడిసికొడితే లోపం ఎక్కడ?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో స్క్రీన్ పాస్ ఒక ఎర. మీదికి దూకుతున్న రక్షకులను రానిచ్చి, వాళ్ల వెనకనున్న ఖాళీలోకి చిన్న పాస్ అందించి, ముందు అడ్డుకునేవాళ్లను ఉంచి పరుగెత్తించడం. అది విఫలమైతే చాలామంది పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్‌నే తిడతారు. ముందు అది ఏ రకం స్క్రీనో చూడండి. ఒకదానికి మందైనది ఇంకొకదానికి విషం.

స్లో స్క్రీన్: బంతి అందగానే రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తే ఆటగాడు) దొరికిపోతున్నాడు
కారణం దాదాపు ఎప్పుడూ నటన చాలకపోవడమే. లైన్‌మెన్ (క్వార్టర్‌బ్యాక్ ముందు నిలిచి కాచేవాళ్లు) ఒక్క దెబ్బయినా కాచుకోకుండా పక్కకు జారుకుంటే ఎదుటివాడికి అనుమానం వస్తుంది, క్వార్టర్‌బ్యాక్‌ను వదిలి వెనక్కి తిరుగుతాడు. ముందు గట్టిగా నిలిచి, తర్వాత ఓడిపోయినట్టు వదలాలి. రన్నింగ్ బ్యాక్ కూడా ఎవరినో ఒకరిని అడ్డుకున్నాకే మెల్లగా జారుకోవాలి.

బబుల్ స్క్రీన్: ఆట మొదలయ్యే గీత వెనకే ఆగిపోతోంది
ఇక్కడ ఆ ఓపికే కొంప ముంచుతుంది. రిసీవర్ (పాస్ అందుకునే ఆటగాడు) పక్కకు వంపు తిరుగుతుండగానే బంతి చేతికి రావాలి. ఆ వైపు అడ్డుకునేవాళ్లకంటే రక్షకులు ఎక్కువగా ఉంటే అసలు వేయకండి. ఇంకో ప్రమాదం: బంతి వెనక్కి వెళ్లి నేలపాలైతే ఆట ఆగదు, ప్రత్యర్థి ఎత్తుకుపోవచ్చు.

టనెల్ స్క్రీన్: రిఫరీ జెండా పడుతోంది
రిసీవర్ లోపలికి వచ్చేలోగా లైన్‌మెన్ ఆత్రపడి ముందుకెళ్లిపోయారన్నమాట. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో పాస్ వదిలేలోపు గీత దాటి 1 గజానికి మించి వెళ్తే 5 గజాల శిక్ష. ముందు పక్కకు, పాస్ వదిలాకే ముందుకు.

అన్నీ కుదిరినా బంతి ప్రత్యర్థి చేతికే పోతోంది
అయితే వాళ్లు ఈ ఎత్తు ముందే చూసి ఉంటారు. 1983 అక్టోబరులో రైడర్స్ జట్టుపై వాషింగ్టన్ జట్టు తన రన్నింగ్ బ్యాక్ జో వాషింగ్టన్‌కు స్క్రీన్ వేసి 67 గజాలు సాధించింది. 1984 జనవరి 22న, 18వ సూపర్ బౌల్ (ఎన్ఎఫ్ఎల్ ఫైనల్)లో, విరామానికి 12 సెకన్లే ఉండగా, తమ గోల్ గీతకు 12 గజాల దూరం నుంచి అదే ఎత్తు మళ్లీ వేసింది. రైడర్స్ సరిగ్గా దీనికోసమే తమ రక్షకుడు జాక్ స్క్విరెక్‌ను దింపారు. అతను వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ జో థైస్మన్ పాస్‌ను గాలిలోనే అందుకుని, 5 గజాలు నడిచినంత సులువుగా గోల్ గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. మ్యాచ్‌ను రైడర్స్ 38-9తో గెలిచారు.

నా లెక్కలో ఆ చోట స్క్రీన్ తలపెట్టడమే తప్పు. మిగతా సందర్భాల్లో మాత్రం స్క్రీన్ వేస్తున్నట్టు చేయి ఊపి, రక్షకులు అటు దూకగానే వాళ్ల తలల మీదుగా దూరానికి విసరండి.