స్లీప్ ల్యాబ్‌లో ఏఐ స్కోరింగ్ పెట్టుకునేటప్పుడు

తిరుపతిలో స్లీప్ స్టడీ (రాత్రంతా తలకు, ఒంటికి సెన్సర్లు పెట్టి నిద్రను రికార్డు చేయడం) చేసేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది: గుండు. కొండ మీద తలనీలాలిచ్చి వచ్చిన పేషెంటుకు ఎలక్ట్రోడ్లు ఇట్టే అతుక్కుంటాయి. కొబ్బరినూనె పట్టించిన తలతోనే రాత్రంతా తంటా. ఏఐ సంగతి గుండుతో ఎందుకు మొదలుపెట్టానంటే, సిగ్నల్ పాడైతే మనకు అనుమానం వస్తుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం పాడైన సిగ్నల్‌కూ ఒక అంకె ఇచ్చేయగలదు.

పదకొండేళ్లుగా ఇక్కడ టెక్నీషియన్ని. ఎనిమిది గంటల రికార్డింగంటే 30 సెకన్ల ముక్కలు, అంటే ఎపాక్‌లు, 960. అన్నీ చూసి స్కోర్ చేసేసరికి, అంటే నిద్ర ఏ దశలో ఉందో, ఊపిరి ఎక్కడ ఆగిందో గుర్తించేసరికి, నాకు రెండు గంటలు పడుతుంది. ఏఐకి నిమిషాలు చాలు. అందుకే వద్దనను.

కానీ కొన్న రోజే కొత్త పేషెంట్ల మీద పెట్టకండి. పాత స్టడీలు ఓ ఇరవై తీయండి. గుండె జబ్బున్నవాళ్లవి, నిద్రమాత్రలు వాడేవాళ్లవి కూడా ఉండాలి. వాటిని ఏఐ చేత మళ్లీ స్కోర్ చేయించి, మీరు చేసినదానితో ఎపాక్ ఎపాక్‌కీ పోల్చండి. మొత్తం ఎంత శాతం కలిసిందో చూసి మురిసిపోవద్దు. ఎన్2 (నిద్రలో రెండో దశ) ఎక్కువున్న రాత్రికి ఆ శాతం ఎలాగూ బాగానే వస్తుంది. ఎన్1 (అప్పుడే కునుకు పట్టే దశ) విడిగా చూడండి. అక్కడ అనుభవమున్న ఇద్దరు టెక్నీషియన్లకే పొంతన కుదరదు.

తర్వాత సెట్టింగ్స్. హైపాప్నియాకు (ఊపిరి పూర్తిగా ఆగకుండా తగ్గడం) గాలి కనీసం 30 శాతం తగ్గి 10 సెకన్లుండాలి, అంతవరకు గొడవ లేదు. దాంతోపాటు రక్తంలో ఆక్సిజన్ 3 శాతం పడినా, అరౌజల్ (నిద్ర కాసేపు చెదరడం) వచ్చినా చాలా? లేక 4 శాతం పడాల్సిందేనా? అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ మాన్యువల్‌లో రెండు పద్ధతులూ ఉన్నాయి. మీ డాక్టరు వాడేది ఒకటి, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది ఇంకొకటి అయితే, ఏహెచ్ఐ (నిద్రలో గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో చెప్పే అంకె) 15 దాటాల్సిన మనిషి కిందే ఉండిపోవచ్చు.

మా మొదటి నెలలో చిత్తూరు నుంచి వచ్చిన లారీ డ్రైవరుకు ఏఐ ఏహెచ్ఐ 41 ఇచ్చింది. 30 దాటితే తీవ్రమే కదా. కానీ ఆక్సిజన్ గీత చాలాసేపు 96 దగ్గరే కదలకుండా ఉంది. వెనక్కి వెళ్లి చూస్తే రాత్రి రెండింటికి ముక్కు దగ్గరి సెన్సర్లు రెండూ చెంప మీదికి జారాయి. ఛాతీ, పొట్ట బెల్టులు మామూలుగా కదులుతున్నాయి, గాలి గీత చదును. ఏఐ వరసపెట్టి అబ్‌స్ట్రక్టివ్ ఆప్నియా (గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగడం) అని రాసుకుపోయింది. ఆ భాగం తీసేసి చేత్తో లెక్కిస్తే 12. తప్పు ఏఐ మీదికి నెట్టలేను, ఆ రాత్రి డ్యూటీ నాదే.

అప్పటినుంచి, ఏఐ రిపోర్టు తెరవకముందే రాత్రంతటినీ ఒక్క స్క్రీన్ మీదికి కుదించి ఐదు నిమిషాలు చూస్తాను. ఏహెచ్ఐ జబ్బు తీవ్రతను విడగొట్టే 5, 15, 30 అంచుల్లో ఉంటే మొత్తం చేత్తోనే. ఏఐ వల్ల మిగిలిన సమయం ఇక్కడ ఖర్చుపెట్టాలి, ఇంకో పేషెంటును ఇరికించడానికి కాదు. మేనేజ్‌మెంటుతో ఈ మాట కొనకముందే చెప్పుకోండి.

చిన్నపిల్లల స్టడీలు నేనైతే ఏఐకి ఇవ్వను. వాళ్లకు 10 సెకన్ల లెక్క వర్తించదు, రెండు ఊపిరులంత సేపు ఆగినా అబ్‌స్ట్రక్టివ్ ఆప్నియానే.

ఫైలు క్లౌడ్‌కి వెళ్లేదైతే పేరు, ఫోన్ నంబరు, ఓపీ నంబరు తీసేసి పంపండి. వీడియో అసలు పంపకండి. రిపోర్టు కింద ఏఐ స్కోర్ చేసిందనీ, ఎవరు సరిచూశారనీ రాయండి. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఆ పాత ఇరవై స్టడీలనే మళ్లీ వేయండి.