ఎండాకాలంలో గంటలు పూర్తి చేయాలనుకునే కొత్త మైక్రోలైట్ పైలట్లకు: సీమ గాలితో జాగ్రత్తలు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మన సీమలో మైక్రోలైట్, అంటే ఒకరిద్దరు ఎక్కే తేలికపాటి చిన్న విమానం, నడిపేవాళ్లకు చలితోపాటు మెత్తటి గాలి కూడా పోతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా పొద్దున పదింటికి కూడా నిలకడగా ఉండే గాలి, మార్చి మూడో వారం దాటితే తొమ్మిదికే గతుకుల బాట అవుతుంది. సరిగ్గా అప్పుడే కొత్తవాళ్లకు గంటల ఆత్రం పట్టుకుంటుంది. చలికాలంలో సోలో (ఒంటరిగా ఎగరడం) అయిపోయి ఉంటుంది. ఇంకో పది, పదిహేను గంటలు లాగ్‌బుక్‌లో పడితే లైసెన్సుకు పోవచ్చు. వానాకాలం వస్తే మళ్లీ ఆగాలి కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఎట్లాగైనా ముగించేద్దామనిపిస్తుంది.

నాకూ అట్లాగే అనిపించింది. ఒక ఏప్రిల్‌లో నాకు మూడు గంటలు తక్కువ పడ్డాయి. ఆ రోజు పొద్దున విమానం ఖాళీ లేదు, పదకొండుకు దొరికింది. గాలి దిశ చూపే గుడ్డ గొట్టం, విండ్‌సాక్, కాసేపు వేలాడుతోంది, కాసేపు ఎగిరి పడుతోంది. స్ట్రిప్ (విమానం లేచి దిగే నేల) పక్కన గొర్రెలు మేపుకుంటున్న పెద్దాయన "ఈ గాలిలో యాడికి సామీ?" అని అడిగాడు. నవ్వి ఎక్కేశాను. దిగేటప్పుడు ఎండిన నల్లరేగడి చేను మీదికి రాగానే విమానం పైకి తేలింది. థ్రాటిల్ (ఇంజన్ జోరు) తగ్గించాను. ఆ వెంటనే నీళ్లు పెట్టిన మడి మీదికి వచ్చాను, కాళ్ల కింద నేల లాగేసినట్టు దిగిపోయింది. అప్పటికే వేగం తక్కువ, థ్రాటిల్ ఇవ్వడంలో రెండు సెకన్లు ఆలస్యం. ముందు చక్రం కాలు వంగింది. నాకు దెబ్బ తగల్లేదు కానీ, ఆ మూడు గంటల కోసం ఏడు వారాలు నేల మీద కూర్చున్నాను. కింద రాసినవన్నీ ఆ ఏడు వారాల్లోనూ, ఆ తర్వాతి ఎండాకాలాల్లోనూ నేర్చుకున్నవి.

మొదటిది వేళ. మే నెలలో మన దగ్గర ఆరుకు కాస్త ముందే పొద్దు పొడుస్తుంది. అప్పటికి విమానం బయట ఉండాలి, తనిఖీ అయిపోయి ఉండాలి. ఎనిమిదిన్నరకల్లా దిగిపోవాలి. కొత్తవాళ్లకు ఇంతకన్నా సడలింపు వద్దని నా గట్టి మాట. గద్దలు రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ పైకి పోతున్నాయంటే వేడిగాలి లేచినట్టే, ఆ పూటకు చాలించండి. దూరంగా దుక్కిలో ఎర్రదుమ్ము సుడి తిరుగుతూ కనిపిస్తే తప్పుకోవచ్చు, కానీ దుమ్ము లేని చోట కూడా అదే సుడిగాలి ఉంటుంది, అది కంటికి కనపడదు. మన మైక్రోలైట్ బరువు ఇద్దరు ఎక్కినా 450 కిలోల లోపే. పెద్ద విమానం అదిరి ఊరుకునే చోట మనది రెక్క మీదికి ఒరుగుతుంది.

తెల్లవారుజాము గాలికీ ఒక మాయ ఉంది. నేల దగ్గర ఆకు కూడా కదలదు. రాత్రి చల్లబడిన గాలిపొర నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. దాని మీద, ఐదారు వందల అడుగుల ఎత్తులో, గాలి జోరుగా పోతూ ఉండొచ్చు. ఎక్కేటప్పుడు ఆ పొర దాటగానే విమానం ఒక్క ఊపు ఊగుతుంది. ఎండ తగిలి ఆ పొర విరిగేటప్పుడు పైగాలి కిందికి దిగుతుంది, విండ్‌సాక్ పది నిమిషాల్లో దిశ మార్చేస్తుంది. మే చివర్లో, జూన్‌లో ఇది ఎక్కువ. అందుకే మొదటి సర్క్యూట్‌లో (స్ట్రిప్ చుట్టూ ఒక చుట్టు) పైన గాలి ఎంత నెడుతోందో చూసుకుని, మిగతావి ఎన్ని చేయాలో అప్పుడే నిర్ణయించుకోండి.

ఇక వేడి ఇంజన్‌నూ రెక్కనూ ఎంత బలహీనం చేస్తుందో అంకెల్లో చూద్దాం. పుట్టపర్తి విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 1,550 అడుగుల ఎత్తు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత, అంటే విమానాల లెక్కలకు ప్రమాణంగా పెట్టుకున్నది, 12 డిగ్రీలు. మే మధ్యాహ్నం 40 ఉంటే 28 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 120 అడుగుల చొప్పున వేస్తే దాదాపు 3,360 అడుగులు కలుస్తాయి. అంటే నేల మీద నిలబడి ఉన్నా విమానానికి మాత్రం 4,900 అడుగుల మీద ఉన్నట్టే. దీన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. కడప ఎత్తు 430 అడుగులే కదా అనుకోకండి, అక్కడ 43 డిగ్రీలుంటే లెక్క 3,900 దాటుతుంది. బ్రిటన్ పౌర విమానయాన సంస్థ చిన్న విమానాల పైలట్లకు ఇచ్చిన లెక్క ప్రకారం టేకాఫ్ దూరం ప్రతి 1,000 అడుగుల ఎత్తుకు 10 శాతం, ప్రతి 10 డిగ్రీల వేడికి 10 శాతం పెరుగుతుంది. బరువు 10 శాతం పెరిగితే దూరం 20 శాతం పెరుగుతుంది. ఇవి ఒకదాన్నొకటి గుణించుకుంటాయి. మాన్యువల్‌లో టేకాఫ్ దూరం 300 మీటర్లని ఉంటే పుట్టపర్తి ఎండలో 450 అవుతుంది, భద్రత కోసం 1.33తో గుణిస్తే 600. మెత్తటి నేలయితే ఇంకో పావు వంతు. మీ స్ట్రిప్ పొడవు ఎంతో ఈ లెక్క పక్కన రాసుకోండి. చలికాలంలో ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి సులభంగా లేచిన స్ట్రిప్పే కదా అని ఎండాకాలంలో స్నేహితుణ్ణి ఎక్కించుకోవద్దు.

పెట్రోల్ గురించి చాలామంది పట్టించుకోరు. ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. మైక్రోలైట్లలో ఎక్కువగా కనిపించే రోటాక్స్ 912 ఇంజన్‌కు అనుమతి 10 శాతం వరకే. కాబట్టి బంకు నుంచి డబ్బా తెచ్చి పోసేయడం కుదరదు. సందేహం ఉంటే గీతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, 100 గీత దాకా పెట్రోల్ నింపి, బాగా కుదిపి, ఐదు నిమిషాలు పక్కన పెట్టండి. అడుగున నీళ్లు 10 దగ్గరే ఉంటే ఆల్కహాల్ లేదు. 25, 30కి పెరిగితే ఉంది. ఇథనాల్ ఉన్న పెట్రోల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది, ముంగారు వానల నాడు ట్యాంకు అడుగున నీరు విడిపోవచ్చు. ఎండలో ఇంకో చిక్కు ఆవిరి. దిగి, ఇంజన్ ఆపి, పావుగంట ఎండలో ఉంచి మళ్లీ స్టార్ట్ చేస్తే గొట్టాల్లో పెట్రోల్ ఆవిరై ఉంటుంది. నేల మీద బాగానే తిరిగిన ఇంజన్ టేకాఫ్‌లో దగ్గుతుంది. రెండో విడత ఎగరాలంటే నీడలో పెట్టి చల్లారనివ్వండి, పూర్తి థ్రాటిల్‌తో కాసేపు చూశాకే కదలండి.

ఇంజన్ ఆగిపోతే ఎక్కడ దిగాలన్నది కాలాన్ని బట్టి మారుతుంది. దీని మీద నేను చాలా పొద్దులు గడిపాను, వారం వారం మోటార్‌సైకిల్ మీద తిరిగి చేలు చూసి వచ్చాను. ఏప్రిల్‌లో ఎర్రనేల చేలు ఖాళీగా, గట్టిగా ఉంటాయి, దుక్కి చేసి ఉంటే చాళ్ల వెంబడే దిగాలి, అడ్డంగా దిగితే ముందు చక్రం ఇరుక్కుంటుంది. నల్లరేగడి పైనుంచి నున్నగా కనిపిస్తుంది కానీ ఎండకు నెర్రెలిచ్చి ఉంటుంది, ఆ నెర్రెల్లో కాలే దిగబడుతుంది, చక్రం మాట చెప్పాలా! వాన పడ్డ మర్నాటి నుంచి అదే నేల బంక. ఇక చీనీ తోటలు, దానిమ్మ తోటలు పైనుంచి పచ్చగా మెత్తగా అనిపిస్తాయి, వాటి నిండా రాతి కూసాలు, తీగలు. బోరు ఉన్న ప్రతి చేనుకూ కరెంటు తీగ వస్తుంది. తీగ కనపడదు, స్తంభాలను లెక్కపెట్టండి, రెండు స్తంభాలుంటే మధ్య తీగ ఉన్నట్టే అనుకోండి.

కర్నూలు వైపు ఎగిరేవాళ్లకు ఇంకో మాట. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లోకి వజ్రాల కోసం వందల మంది వస్తారు. మే నెలలో మీరు మనసులో గుర్తు పెట్టుకున్న ఖాళీ చేను జూన్‌లో మనుషులతో నిండి ఉంటుంది. ఆ దారిలో పోయేటప్పుడు వేరే చేను చూసి పెట్టుకోండి. గని, శకునాల దగ్గరి 1,000 మెగావాట్ల సోలార్ పార్కు మీదుగా అసలు పోకండి. పలకలు వేడెక్కి గాలిని పైకి తోస్తాయి, దిగడానికి అడుగు చోటు ఉండదు. రోళ్లపాడు అభయారణ్యం బట్టమేక పక్షి కోసం పెట్టింది, అటువైపు పోతే బాగా ఎత్తున పోండి, ఆ పక్షులు మిగిలిందే చాలా కొద్ది.

ఓర్వకల్లు దగ్గర ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది. డీఆర్‌డీవో వాళ్ల నేషనల్ ఓపెన్ ఏరియా రేంజ్ కూడా కర్నూలు దగ్గరే. 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధాన్ని, జూలైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణిని అక్కడే పరీక్షించారు. కాబట్టి నిన్న పోయిన దారే కదా అని నోటమ్ (పైలట్లకు ఇచ్చే హెచ్చరికల ప్రకటన) చూడకుండా కదలవద్దు. ముందు రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి చూడాలి. మీ ఇన్‌స్ట్రక్టర్ చూస్తాడులే అనుకోకుండా మీరే చూడండి, రేపు ఒక్కరే ఎగిరేటప్పుడు అలవాటుగా ఉంటుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండతోపాటు సాయంత్రం మబ్బు కూడా ఉంటుంది. నాలుగు గంటలకు పడమట నల్లగా లేస్తుంది, ఐదున్నరకు ఈదురుగాలి. పొద్దున గంటలు దొరకనివాళ్లు సాయంత్రం ఎగురుదామనుకుంటారు, నేను వద్దంటాను. ఉరుముల మబ్బు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్నా దాని ముందు నడిచే గాలి మిమ్మల్ని అందుకోగలదు. నేల మీద దుమ్ము గోడలా కదిలి వస్తుంటే స్ట్రిప్ దాకా పందెం పెట్టకండి. దానికి దూరంగా తిరిగి, దొరికిన మంచి చేనులో దిగి, విమానాన్ని పట్టుకుని కూర్చోండి.

మృగశిర దాటాక వేడి తగ్గుతుంది, పడమటి గాలి మొదలవుతుంది. రామగిరి కొండల మీద, ఉరవకొండ వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు. వాటి వెనుక, గాలి పోయే దిక్కున, చాలా దూరం గాలి చిలికినట్టు ఉంటుంది, ఎప్పుడూ గాలి వచ్చే వైపునుంచే దాటండి. కడపకు దక్షిణాన పాలకొండలున్నాయి. నైరుతి గాలి వాటిని దాటి కిందికి దొర్లుతుంది, కొండ నీడన ఎత్తు కోల్పోతే పూర్తి థ్రాటిల్ ఇచ్చినా ఎక్కని రోజులుంటాయి. అనంతపురం నుంచి తాడిపత్రి సుమారు 55 కిలోమీటర్లు. మీ వేగం గంటకు 100, వెనుక గాలి 40 అయితే 24 నిమిషాల్లో పోతారు. తిరిగి రావడానికి 55 నిమిషాలు పడుతుంది. పోయేటప్పుడు ఎంత హాయిగా ఉంటే వచ్చేటప్పుడు అంత పెట్రోల్ కావాలి. అందుకే మొదటి దూరప్రయాణాల్లో ఎదురుగాలిలోకే ముందు పోయి, వెనుకగాలితో ఇంటికి రండి.

అన్ని గంటలూ ఒకటి కావు. తిన్నగా ఒక గంట పోయి వచ్చినా, గంటలో ఎనిమిది ల్యాండింగ్‌లు చేసినా లాగ్‌బుక్‌లో ఒకటే అంకె పడుతుంది. ఎండాకాలంలో రెండోదే చేయండి, అది కూడా నలభై నిమిషాల చొప్పున. ప్రతి ఎగరడానికీ ముందు ఒక పని రాసుకోండి: ఇవాళ ఇంజన్ ఆగినట్టు అనుకుని రన్‌వే మీద గీసిన గీతకు దిగడం, రేపు పక్కగాలిలో దిగడం. ఇంజన్ ఆపే సాధన ఇన్‌స్ట్రక్టర్ పక్కనున్నప్పుడే. మైక్రోలైట్‌కు ఊపు తక్కువ, ఇంజన్ మందగించగానే ముక్కు కిందికి దించకపోతే క్షణాల్లో స్టాల్ వేగానికి, అంటే రెక్క విమానాన్ని మోయలేని వేగానికి, వస్తుంది. గాలి దూకుళ్లు ఉంటే, నిలకడ గాలి కన్నా దూకుడు ఎంత ఎక్కువో అందులో సగాన్ని మీ అప్రోచ్ వేగానికి (దిగడానికి వచ్చేటప్పటి వేగానికి) కలపండి. మీరు ఎగరని గంట ఒక్కటి కూడా రాయకండి, రాసినవాడి చేతికి ఆ గంటలో రావాల్సిన అలవాటు రాలేదు.

ఒంటి గురించి క్లుప్తంగా: ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. రాత్రి ఆరు గంటల నిద్ర లేకపోతే ఎగరకండి.

దిగాక విమానాన్ని మూడు తాళ్లతో కట్టండి, సాయంత్రం ఎలా ఉన్నా సరే. వాన పడ్డ మర్నాడు, గాలివేగం కొలిచే పిటాట్ గొట్టంలో చూడండి. మట్టి గూడు కట్టే కందిరీగకు ఒక్క రాత్రి చాలు. పిటాట్ మూసుకుపోతే గాలివేగం ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది, టేకాఫ్ పరుగులో అది కదులుతోందో లేదో చూడటం అలవాటు చేసుకోండి. కదలకపోతే థ్రాటిల్ తీసేయండి, ఆ పొద్దుకు ఎగరకండి.