ఆపరేషన్ తేదీ ఖాయమైందా? ముందు బీరువా తెరవండి

మా బావగారికి గుండె ఆపరేషన్ అన్నప్పుడు ఇంట్లో డాక్టరు గురించి, ఇన్సూరెన్స్ గురించి, రక్తం ఎవరిస్తారన్నదాని గురించే మాట్లాడుకున్నాం. కాగితాల మాట ఎవరూ ఎత్తలేదు. శుభమా అని ఆస్పత్రికి వెళ్తుంటే వీలునామా ఏమిటని తిడతారని నేనూ ఊరుకున్నాను. ఆయన తిరిగి రాలేదు.

కర్మలు అయ్యాక అక్క బీరువా తెరిచింది. పెద్ద ఫిక్స్‌డ్ డిపాజిట్‌కి నామినీ బావగారి అమ్మగారు. పెళ్లికి ముందు వేసి, రెన్యువల్ చేసుకుంటూ వచ్చిన డిపాజిట్ అది. ఎనభై దాటిన అత్తయ్యను హిందూపురం నుంచి కారు వెనక సీట్లో పడుకోబెట్టుకుని బెంగళూరు మారతహళ్లిలోని బ్యాంకుకు తీసుకొచ్చాం. కౌంటర్ దగ్గర చెయ్యి వణికి సంతకం మూడుసార్లు తేడా వచ్చింది. కొడుకు పోయిన నెలలో ఆవిడకు ఆ అవస్థ మా నిర్లక్ష్యం వల్లే వచ్చింది. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

మొదట నామినీలు చూసుకోండి. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు. అయితే నామినీ అంటే యజమాని కాదు. బ్యాంకు డబ్బు నామినీ చేతికిస్తుంది, అసలు హక్కు వారసులదే. షేర్ల విషయంలోనూ ఇంతేనని సుప్రీంకోర్టు 2023లో స్పష్టం చేసింది. జీవిత బీమా మాత్రం వేరు: 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీగా ఉంటే ఆ డబ్బు వాళ్లదేనని చట్టం చెబుతోంది.

వీలునామా లేకపోతే ఏమవుతుందో చాలామందికి తెలియదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాడి స్వార్జితం భార్యకు, పిల్లలకు, బతికుంటే తల్లికి సమానంగా వెళ్తుంది. అక్కకు ఇద్దరు పిల్లలు. అంటే అత్తయ్యతో కలిపి బావగారి ఫ్లాట్ నాలుగు వాటాలు. చిన్నవాడు మైనర్, వాడి వాటా అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి. ఆడవాళ్ల విషయం ఇంకా బాధ కలిగిస్తుంది. భర్త పోయి, పిల్లలు లేని స్త్రీ వీలునామా రాయకుండా పోతే, ఆమె సొంతంగా సంపాదించిన ఆస్తి కన్నవాళ్లకన్నా ముందు భర్త వారసులకు వెళ్తుంది. ఉద్యోగం చేసే ప్రతి ఆడపిల్లకూ ఈ ముక్క చెప్పండి.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్లకాగితం మీద తెలుగులో రాసినా చెల్లుతుంది. రాసినవారు సంతకం చేయాలి, ఇద్దరు సాక్షులు అది చూసి తామూ సంతకం చేయాలి. ఆస్తి పొందేవాళ్లను, వాళ్ల భార్యాభర్తలను సాక్షులుగా పెట్టకండి. మీకంటే వయసులో చిన్నవాళ్లు, అడ్రసు దొరికేవాళ్లు అయితే మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ నేనైతే చేయించమనే అంటాను. ముఖ్యంగా, ఆస్పత్రి మంచం మీద మత్తులో ఉన్నప్పుడు పెట్టించే సంతకం గొడవలకు మూలం. ఇంట్లో, కుర్చీలో కూర్చుని, ఓపిక ఉన్నప్పుడే రాయండి. పెద్దవాళ్లయితే మతి స్థిమితంగా ఉందని డాక్టరు దగ్గర సర్టిఫికెట్ కూడా తీసుకోండి.

"మా అబ్బాయికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చేశాను" అని ధీమాగా ఉండేవాళ్లు ఉన్నారు. ఇచ్చిన మనిషి పోగానే దాని బలం పోతుంది. వీలునామాకు అది బదులు కాదు.

బెంగళూరులో ఉండే మన తెలుగువాళ్లలో చాలామందికి ఇక్కడ ఫ్లాటు, ఊళ్లో పొలం. రెండిటి వివరాలూ ఒకే వీలునామాలో రాయొచ్చు. పొలానికి పట్టాదారు పాసుపుస్తకం, 1బి (భూమి ఎవరిదో చెప్పే రెవెన్యూ రికార్డు) ఉన్నాయో లేదో చూడండి. ఫ్లాటుకు సేల్ డీడ్, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం), ఈ-ఖాతా. ఇక్కడ ఖాతా అంటే బ్యాంకు ఖాతా కాదు, ఆస్తి పన్ను కోసం ఉండే రికార్డు. కొత్తగా వచ్చినవాళ్లు పొరబడుతుంటారు. లోన్ ఉంటే ఒరిజినల్స్ బ్యాంకు దగ్గర ఉంటాయి, ఏ బ్రాంచిలో ఉన్నాయో రాసి పెట్టండి.

వెంటిలేటర్ లాంటి చికిత్స ఎంతవరకు కావాలో ముందే రాసే పత్రం కూడా ఉంది. సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ ధ్రువీకరణ చాలు. దీని గురించి ఇంట్లో ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడుకోండి. ఐసీయూ బయట నిలబడి నిర్ణయించలేక అక్క పడ్డ నరకం నేను చూశాను.

వీలునామాను ఒక్కరి పేరు మీదున్న లాకర్లో పెట్టకండి, అది తెరవడమే మళ్లీ ఒక పని. ఇంట్లో ఒక ఫైల్లో పెట్టి, అది ఏ అరలో ఉందో, తాళం ఎక్కడుందో ఇద్దరికి చూపించండి. అడ్మిషన్‌కి బట్టల బ్యాగు సర్దే రోజు దాకా ఆగకండి.