పడిన రాయి తోకచుక్కదేనా? లెక్క కట్టి చూడండి

ఎక్కడైనా ఉల్క పడిందని వార్త వస్తే మా ట్యూషన్ పిల్లలు అడిగే మొదటి ప్రశ్న: "సార్, ఇది తోకచుక్క ముక్కా?" రాయి నల్లగా ఉందనో తేలిగ్గా ఉందనో చూసి చెప్పేది కాదిది. ముందు కక్ష్య కావాలి.

పడేటప్పుడు రెండు మూడు చోట్ల కెమెరాలకు చిక్కితే, అంతకుముందు అది సూర్యుడి చుట్టూ ఏ దారిలో తిరిగిందో శాస్త్రవేత్తలు లెక్కగట్టి ప్రచురిస్తారు. అందులోంచి మూడు అంకెలు రాసుకోండి: ఆస్ట్రనామికల్ యూనిట్లలో (భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం ఒక యూనిట్) సూర్యుడి నుంచి సగటు దూరం, ఉత్కేంద్రత (కక్ష్య ఎంత కోలగా ఉందో), వంపు కోణం (భూమి కక్ష్యా తలం నుంచి ఎంత వంగి ఉందో).

గురుగ్రహం సగటు దూరం 5.2. దాన్ని రాయి దూరంతో భాగించి పక్కన పెట్టండి. ఇప్పుడు 1 లోంచి ఉత్కేంద్రత వర్గాన్ని తీసేయండి. మిగిలినదాన్ని రాయి దూరంతో గుణించి, 5.2తో భాగించి, వర్గమూలం కట్టండి. దాన్ని రెట్టింపు చేసి, వంపు కోణం కొసైన్‌తో గుణించి, పక్కన పెట్టినదానికి కలపండి. జవాబు 3 దాటితే గ్రహశకలాల దారి. 2కీ 3కీ మధ్య వస్తే గురుగ్రహం అదుపులో తిరిగే తోకచుక్కల దారి. 2 కంటే తక్కువైతే హేలీ లాంటి తోకచుక్కలది.

2012 ఏప్రిల్ 22న కాలిఫోర్నియాలో పడిన సట్టర్స్ మిల్ ఉల్కతో చేసి చూడండి: 2.59, 0.82, 2.4 డిగ్రీలు. 2.8 వస్తుంది. అంటే తోకచుక్కల దారే! అయినా ఇక్కడే ఆగొద్దు. గురుగ్రహం ఆకర్షణకు గ్రహశకలాలు కూడా దారి తప్పి ఇలాంటి కక్ష్యల్లోకి వస్తాయి. 2.8 అనుమానానికి చాలు, రుజువుకు చాలదు.

ఇక రాయి గట్టితనం. 67పీ అనే తోకచుక్కను రోసెట్టా వ్యోమనౌక కొలిస్తే దాని సాంద్రత నీటిలో సగమే. అంత గుల్ల పదార్థం వాతావరణాన్ని తట్టుకుని నేల చేరడం కష్టం. ఏటా ఆగస్టులో కనిపించే పర్సీడ్లు (ఒక తోకచుక్క వదిలిన ధూళి) సెకనుకు 59 కిలోమీటర్ల వేగంతో వచ్చి పైనే కాలిపోతాయి.

చివరగా రసాయనం. 1864లో ఫ్రాన్స్‌లో పడిన ఓర్గోయ్ ఉల్క తోకచుక్కదేనని, నాటి ప్రత్యక్ష సాక్షుల మాటల నుంచి కక్ష్య గట్టి 2006లో కొందరు వాదించారు. నాకూ ఆ వాదన నచ్చింది. కానీ జపాన్ వ్యోమనౌక హయబుసా-2 ర్యుగు గ్రహశకలం నుంచి తెచ్చిన మట్టి అచ్చం ఓర్గోయ్ తరగతి ఉల్కల్లాగే ఉంది. మరోవైపు, నాసా వ్యోమనౌక స్టార్‌డస్ట్ తెచ్చిన వైల్డ్-2 తోకచుక్క ధూళిలో సూర్యుడి దగ్గరి వేడిలో పుట్టిన ఖనిజాలు దొరికాయి. కాబట్టి అలాంటి ఖనిజాలు కనిపించాయని తోకచుక్కను జాబితాలోంచి కొట్టేయకండి. కక్ష్య, గట్టితనం, రసాయనం మూడూ ఒకే వైపు చూపేదాకా మీ నోటుబుక్కులో "కావొచ్చు" అనే రాయండి.